ఎర్ర బటన్ నొక్కినావా, నాకు తెలుసు

మా దగ్గర కొంతకాలం కంప్రెసర్ గురించి అడిగినా, సీలింగ్ ఫ్యాన్ గురించి అడిగినా పిల్లలు బ్రెడ్డు మీద వెన్న రాసేవాళ్ళు. వాళ్ళను అనడానికి లేదు. నేను ఇంగ్లీషు చెప్పే ఐటీఐలో నా సబ్జెక్టుకు ఇచ్చిన పుస్తకంలో ఒకే ఒక్క నమూనా ఉంది: శాండ్‌విచ్ తయారు చేయడం ఎలా. మా పిల్లల్లో దాన్ని తిన్నవాళ్ళు లేరు. చూసినవాళ్ళు ఉన్నారు, ఫోన్లో.

సబ్జెక్టు పేరు పని సూచనలు రాయడం. ఒక పని ఎలా చేయాలో ఇంగ్లీషులో రాయాలి. ఆ పని ఎన్నడూ చేయని మనిషి కూడా ఆ కాగితం చదువుకుని చేసేయగలగాలి. వినడానికి ఇంతే. సంస్థ తిరువళ్ళూరులో, నా ఇల్లు తిరుత్తణిలో. సాయంత్రం ఎలక్ట్రిక్ రైల్లో ఒళ్ళో కట్ట పెట్టుకుని దిద్దుతూ ఉంటే పక్క సీటు ఆడవాళ్ళు తొంగిచూసి, "ఏమి మేడం, వంట పరిచ్చా?" అని అడిగేవాళ్ళు. కాదు, ఇది ఎలక్ట్రీషియన్లకు అని చెబితే నన్ను ఒకరకంగా చూసేవాళ్ళు.

ఒకడు మరీ తెలివైనవాడు. ఫ్యాన్ కెపాసిటర్ మార్చే విధానం రాయమంటే, కంఠతా పట్టిన పాఠంలో బ్రెడ్డు అన్నచోటల్లా కెపాసిటర్ అని మార్చి రాశాడు. కెపాసిటర్ అంచులు కోసి తీసేయండి. రెండు కెపాసిటర్ల మధ్య వెన్న రాయండి. త్రికోణంగా కోసి వేడిగా వడ్డించండి. బయటివాళ్ళు దిద్దినప్పుడు వాడికి మంచి మార్కులు వచ్చాయి. శీర్షిక ఉంది, అంకెలు వేశాడు, వరస తప్పలేదు, వాళ్ళకు ఇంకేం కావాలి? నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ వెన్న రాసిన కెపాసిటర్ మీ ఇంట్లో ఫ్యానుకు బిగిస్తావా?" అని అడిగాను. "అది పరిచ్చకు మేడం. ఇంటికి వేరే," అన్నాడు.

పై ఆఫీసులో ఎవరికో ఆ కాగితం కంటబడినట్టుంది. మరుసటి ఏడు కొత్త పద్ధతి వచ్చింది. ఇక పరీక్ష రోజున బయటినుంచి ఒక అధికారి వస్తాడు. పిల్లలు రాసిన కాగితం చేత్తో పట్టుకుని, మిషన్ ముందు నిలబడి, అందులో ఏముంటే అది చేస్తాడు. లేనిది చేయడు. రాసిన విద్యార్థి వర్క్‌షాపులో నేల మీద గీసిన పసుపు గీత వెనక నిలబడాలి. నోరు విప్పకూడదు, చెయ్యి ఊపకూడదు, మిషన్‌ను తాకకూడదు. ఆ ఉత్తర్వు చదివినప్పుడు నాకు నిజంగానే సంతోషమైంది. శాండ్‌విచ్ పీడ వదిలింది అనుకున్నాను.

శాండ్‌విచ్ పోయింది సరే, దాని స్థానంలో ఏం రాయాలో ఎవరికీ తెలియలేదు. మీకు తెలిసిన పని, మీ ఇంట్లో ఎలా చేస్తారో అలాగే రాయండి అన్నాను. అది నేను అనకుండా ఉండాల్సిన మాట. ట్యూబ్‌లైట్ మార్చడం గురించి ఆరంబాక్కం పిల్లవాడు రాసిన మొదటి సూచన: ముందుగా కరెంటు పోవలెను.

"మెయిన్ ఆఫ్ చేయొచ్చు కదరా," అన్నాను.

"అవ్వ సీరియల్ చూస్తా ఉంటాది మేడం. ఆఫ్ చేస్తే నన్ను తిడతాది. కరెంటే పోయిందనుకో, ఎవురూ ఏమీ అనరు."

ఆరణి నుంచి వచ్చేవాడు మోటారు పంపు గురించి రాశాడు. రాహుకాలం దాటాక మొదలుపెట్టమన్నాడు. స్టార్టరుకు ఎంత ఎడంలో నిమ్మకాయ పెట్టాలో రాశాడు. ఫ్యూజు ఎంతదో రాయలేదు. ఇక మిగిలినవాళ్ళందరి కాగితాల్లోనూ ఏదో ఒక మెట్టు దగ్గర ఒకే వాక్యం వచ్చేది: అన్నను పిలవండి. "ఏ అన్న?" అని గద్దించాను. క్లాసంతా నన్ను జాలిగా చూసింది. "ఉంటాడు కదా మేడం, యాడో ఒక అన్న," అన్నారు.

కోపం తగ్గాక ఆలోచిస్తే నాకూ అర్థమైంది. మా వైపు పని నేర్పడమంటే పక్కన నిలబడి చెప్పడమే. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు వెనక నిలబడి అరుస్తాడే, రా, రా, ఇంకా రా, పోతుం పోతుం అని, అచ్చం అలాగ. పోతుం అంటే తమిళంలో చాలు అని. చేసేవాడి చెయ్యి చెప్పేవాడి కళ్ళముందు ఉంటుంది. తప్పు చోటికి పోతే ఒక అరుపు, సరైన చోటికి వస్తే ఒక 'ఆ'. మా అమ్మ నాకు వంట నేర్పింది కూడా వంటింటి గడపలో కూర్చుని అరిచే. ఎవరి చెయ్యి కనబడకుండా, ఎవరో తెలియని మనిషికి, కాగితం మీద, అదీ ఇంగ్లీషులో చెప్పమంటే ఈ పిల్లలు ఎక్కడికి పోతారు?

ఏసీ మెకానిక్ ట్రేడులో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల మాత్రం ఎక్కడికీ పోలేదు. తనకు తెలిసిన పద్ధతినే తిన్నగా తెచ్చి కాగితం మీద పెట్టేసింది. తిరుత్తణి పక్కన మగ్గాల ఊరు వాళ్ళది. మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం. ఇంటి ముందు గదిలోనే మరమగ్గాలు ఆడుతూ ఉంటాయి. ఆ పిల్ల క్లాసులో ప్రెజెంట్ అంటే పక్క క్లాసులో హాజరు వేసేవాళ్ళేమో అనిపించేది. కాగితం కూడా మొదటినుంచి చివరిదాకా పెద్ద అక్షరాల్లోనే రాసేది. "ఎందుకమ్మా ఇలా రాస్తావు?" అని అడిగితే, "చిన్నగా చెప్తే మా ఇంట్లో వినపడదు మేడం," అంది. కాగితానికి మగ్గాల మోత ఎక్కడిదని నేను అడగలేదు. అడిగి లాభం లేదని అప్పటికే తెలుసు.

మా వర్క్‌షాపులో ఇనుప చట్రానికి బిగించిన ఒక పాత ఏసీ ఉంది, పిల్లలు నేర్చుకోవడానికి. దాని పక్కన స్విచ్చుల బోర్డు. బోర్డు మీద పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. మధ్యలో పుట్టగొడుగులా పెద్ద ఎర్ర బటన్, ప్రమాదం వస్తే ఆపడానికి. దాన్ని నొక్కితే లోపలికి పోయి బిగుసుకుంటుంది. తిప్పి బయటికి తీసేదాకా మిషన్‌కు ప్రాణం రాదు. ఆ ఎర్రదనం ఏమిటోగానీ, దాని ముందు నిలబడ్డ ఏ మనిషైనా ముందు దాన్నే నొక్కుతాడు. నేనూ నొక్కాను. ప్రిన్సిపాల్ గారు కూడా నొక్కారు.

ఆ ఏసీ నడపడం గురించి ఆ పిల్ల ఇంగ్లీషులో రాసినది, నాకు చేతనైనంతలో తెలుగులో చెబుతాను. ముందర వచ్చి నిలబడు. అంత దగ్గర వద్దు. ఆ, అక్కడే. ఎడమ పక్కన నల్ల స్విచ్చు ఉంది. అది కాదు, దాని కింద. ఆ, అదే, పైకి వెయ్యి. ఎర్ర బటన్ ముట్టుకోవద్దు. నొక్కినావా? నాకు తెలుసు. అందరూ నొక్కుతారు. ఇప్పుడు కుడి పక్కకు తిప్పు. గట్టిగా. ఎగిరి బయటికి వస్తుంది, భయపడొద్దు. ఇప్పుడు మొదటి నాబ్. గాలి వచ్చిందా? చల్లగా లేదని ఏడవొద్దు. ఒక టీ తాగినంత సేపు ఆగు. తాగినావా? ఇప్పుడు రెండో నాబ్. తిప్పు. ఇంకా. ఇంకా. చాలు. చాలు అంటా ఉంటే!

రైల్లో అది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. మరుసటి రోజు మాత్రం మొహం గట్టిగా పెట్టుకుని, ఇది ఇలా రాయకూడదమ్మా అన్నాను. "ఇది చదివి మిషన్ నడపొచ్చా లేదా మేడం?" అని అడిగింది. నడపొచ్చు. నేనే నడిపి చూశాను. అధికారి వచ్చి చేసి చూస్తాడు, నడిస్తే నడిచినట్టే కదా అని నేనూ ఎక్కువ మార్చమనలేదు.

ఆ పిల్లకు అది మామూలు పరీక్ష కాదు. కవరైపేట్టై దగ్గర కోల్డ్ స్టోరేజీ గదులు తయారుచేసే కంపెనీ ఒకటి మా పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఉండటానికి హాస్టల్ ఇస్తుంది. ఆ పిల్లను చూసి వెళ్ళారు, పని చూశారు, రమ్మన్నారు. అన్ని సబ్జెక్టులూ పాసైన సర్టిఫికెట్ ఒక్కటి తెస్తే చాలు. మిగిలినవన్నీ అయ్యాయి, ఇదొక్కటి ఉంది. వాళ్ళ నాన్న మగ్గాల దగ్గర పనిచేసే మనిషి దొరక్క సతమతమవుతున్నాడు. తెగిన పోగులు అతకడానికి కూతురు ఇంట్లో ఉంటే ఆయనకు రెండు చేతులు వచ్చినట్టే. పాసైతే పో, లేదంటే ఇంట్లో మగ్గం ఉండనే ఉంది అని చెప్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్న సంగతి చెప్పాడు.

"నాకు మగ్గమంటే కోపం లేదు మేడం," అంది ఆ పిల్ల ఒకసారి. "ఆ మోతలో నేనేం అనుకుంటా ఉండానో నాకే తెలీదు. పొద్దున్నించీ అరస్తానే ఉండాల. నేను పోవాల మేడం." ఆ మాట కూడా అరిచే అంది.

పరీక్ష రోజు వచ్చిన అధికారి సన్నగా, పద్ధతిగా ఉన్న పెద్దమనిషి. కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. తమిళంలో మాట్లాడేవాడు, మర్యాదస్థుడు. కాగితంలో ఏముంటే అదే అనే మాటను ఆయన నమ్మినంతగా పై ఆఫీసు కూడా నమ్మి ఉండదు. ఆరంబాక్కం పిల్లవాడి కాగితం తీసుకుని, ముందుగా కరెంటు పోవలెను అని చదివి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ కరెంటు పోలేదు. ఆ రోజే ఎందుకు పోలేదో ఆ దేవుడికే తెలియాలి. పసుపు గీత వెనక ఆ పిల్లవాడు ట్యూబ్‌లైట్ వైపు చూస్తూ నిలబడ్డాడు, పాపం.

తర్వాత ఈ పిల్ల వంతు. చున్నీ కొసను ఉండలా చుట్టి నోట్లో కుక్కుకుని గీత వెనక నిలబడింది. లేకపోతే ఆ నోరు ఊరుకోదని దానికే తెలుసు. అధికారి ముందర వచ్చి నిలబడు అని చదివి, నిలబడ్డాడు. అంత దగ్గర వద్దు అని చదివి, కాళ్ళకేసి చూసుకుని వెనక్కి జరిగాడు. నల్ల స్విచ్చు మీద చెయ్యి వేశాడు. అది కాదు, దాని కింద అని చదివి చెయ్యి దించాడు. ఆ స్విచ్చు వేశాక ఎర్ర బటన్ అన్న మాట చదవగానే ఆయన వేలు దానంతట అదే పోయి నొక్కేసింది. అప్పుడు తర్వాతి వాక్యం చదివాడు. నొక్కినావా? నాకు తెలుసు.

ఆయన మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. ఆ పిల్ల పైకప్పు వైపు చూస్తోంది. అందరూ నొక్కుతారు అన్న వాక్యం చదివాక ఆయన మొహం కాస్త తేరుకుంది. తిప్పాడు. బటన్ ఎగిరి బయటికి వచ్చింది. భయపడలేదు. మొదటి నాబ్ తిప్పితే గాలి వచ్చింది. టీ తాగినంత సేపు అని చదివి, "టీ ఎక్కడ?" అని అడిగాడు. ఊరికే మాటవరసకు సార్ అని నేనన్నాను. కాగితంలో ఉంది కదా మేడం అన్నాడు. వాచ్‌మన్ పోయి టీ తెచ్చాడు. ఏసీ ముందు నిలబడి ఆయన మొత్తం తాగేదాకా వర్క్‌షాపంతా గుడ్లప్పగించి చూసింది. గ్లాసు కింద పెట్టి రెండో నాబ్ తిప్పాడు. ఇంకా, ఇంకా, చాలు. కంప్రెసర్ అందుకుంది. చల్లటి గాలి ఆయన మొహాన కొట్టింది. చొక్కా పై గుండీ విప్పుకుని అక్కడే కాసేపు నిలబడిపోయాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

తర్వాత కూర్చుని ఫెయిల్ చేశాడు.

నేను పోట్లాడాను. ఆయన మార్కుల షీటు నా ముందు పెట్టాడు. శీర్షిక, సామగ్రి, అంకెల వరస, ఒక్కో మెట్టుకు ఒక్కో పని, భద్రత, గౌరవమైన భాష, వద్దు, కాదు అనే మాటలు లేకుండా ఉండటం, చదివేవాడిని పలకరించకుండా ఉండటం. వీటన్నిటికీ గడులున్నాయి. మిషన్ నడిచిందా అన్నదానికి గడి లేదు. "నడిచింది కదా సార్, మీరే నడిపారు," అన్నాను. "నడిచింది మేడం. బ్రహ్మాండంగా నడిచింది. కానీ ఎక్కడ వేయను?" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. గడి ఆయన గీయకూడదు, ఇచ్చిన గడుల్లోనే వేయాలి.

ఆ రోజు ఫుల్ మార్కులు ఎవరికి వచ్చాయో కూడా చెప్పాలి. అదే ఏసీ గురించి ఒకడు ఒకే ఒక్క మెట్టు రాశాడు: అన్నను పిలవండి. అధికారి బయటికి వెళ్ళి అన్నా అని పిలిచాడు. వర్క్‌షాపు అటెండరు వచ్చి, ఏమి సార్ అని, ఏసీ వేసి పోయాడు. శీర్షిక ఉంది, సామగ్రీ అన్నే, భద్రతా అన్నే, ఒక మెట్టు, ఒక పని, గౌరవమైన భాష. ఒక్క తప్పు లేదు.

సాయంత్రం తిరుత్తణి స్టేషన్‌లో దిగుతుండగా ఆ పిల్ల నాన్న ఫోన్ చేశాడు. వెనక మగ్గాల మోత.

"మేడం, మిషన్ నడిచిందంట కదా?"

"నడిచిందండీ."

"మల్ల ఫెయిలంటా ఉంది?"

"నడిచినదానికి మార్కుల్లేవండీ."

"ఏమి? వినపడలేదు!"

"నడిచినదానికి మార్కుల్లేవు!" అని స్టేషన్ బయట పూలు అమ్మేవాళ్ళందరి మధ్యా నిలబడి అరిచాను. అందరూ తిరిగి చూశారు. ఆయన, "మిషన్ నడిచినాక ఫెయిలంటే తప్పు యాడో మీ పక్కనే ఉండాది మేడం. ఇంకొక్క పాలి రాయనీ. తరవాత నేను వినను," అన్నాడు. కంపెనీ వాళ్ళు కూడా తిరిగి రాసేదాకా ఆగుతామన్నారు, అంతకుమించి కుదరదన్నారు.

ఈసారి నేను పంతం పట్టాను. గడులకు ఏం కావాలో అదే రాయిస్తాను, చూద్దాం అనుకున్నాను. రోజూ క్లాసు అయ్యాక ఆ పిల్లను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వాక్యం చెక్కాను. యంత్రం ఎదుట నిలబడవలెను. ప్రధాన స్విచ్చును వేయవలెను. ఎర్ర బటన్ దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది.

"దాన్ని తీసేద్దాం మేడం. ఆ మాటే రాయొద్దు."

"భద్రతకు ఒక మెట్టు ఉండాలి. గడి ఉంది. ఎర్ర బటన్‌ను పరిశీలించవలెను అని రాయి."

"పరిశీలించమంటే నొక్కుతారు మేడం."

"నొక్కవద్దు అని రాయకూడదు. వద్దు అన్న మాట ఉండకూడదు."

"సరి, నొక్కితే ఏం చేయాల్నో రాస్తాను."

"అది మరమ్మతు కిందికి వస్తుంది. దానికి వేరే సబ్జెక్టు, వేరే మేడం."

ఆ పిల్ల నేను చెప్పినట్టే, చిన్న అక్షరాల్లో రాసింది. టీ మాట తీసేసి తగినంత సమయం వేచి ఉండవలెను అని రాయించాను. తగినంత అంటే ఎంత మేడం అంది. తగినంత అన్నాను. ఆఖరి మెట్టు, చల్లని గాలిని గమనించవలెను. కాగితం చూడటానికి ముద్దొచ్చేట్టు ఉంది.

రెండోసారి పరీక్షకు వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చొక్కా భుజం మీద ఇంకా రెండు మూడు రంగు పోగులు. మీ పక్కన తప్పు యాడ ఉందో నా కళ్ళతో చూస్తాను అన్నాడు. లోపలికి రానివ్వరు కాబట్టి వర్క్‌షాపు తలుపు బయట నిలబెట్టాం. వచ్చిన అధికారి మళ్ళీ ఆయనే. ఎండాకాలం. ఏసీని చూడగానే ఆయన మొహం వికసించింది. ఆ పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుంది.

ఎదుట నిలబడ్డాడు. స్విచ్చు వేశాడు. ఎర్ర బటన్‌ను పరిశీలించవలెను అని చదివాడు. ఒక్క క్షణం ఆగాడు. నాకు ఆశ పుట్టింది. ఆయన వేలు పోయి పరిశీలించింది. బటన్ లోపలికి పోయి బిగుసుకుంది.

తర్వాతి వాక్యంలో ఆ బటన్ ప్రస్తావన లేదు. ఆయన కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "తిప్పాలని నాకు తెలుసు మేడం. పోయినసారి అమ్మాయి రాసింది. కానీ ఇందులో లేదు," అన్నాడు. ఇక ఏం చేస్తాడు, చచ్చిన మిషన్ మీదే మిగతావన్నీ చేసుకుంటూ పోయాడు. మొదటి నాబ్ తిప్పాడు, ఏమీ రాలేదు. తగినంత సమయం వేచి ఉండవలెను అని చదివి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెమట కారుతోంది. కొంతసేపటికి, "తగినంత అయిందంటారా మేడం?" అని అడిగాడు. అయి ఉంటుంది సార్ అన్నాను. రెండో నాబ్ తిప్పాడు. చల్లని గాలిని గమనించవలెను. కదలని ఏసీ ముందు మొహం పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, శ్రద్ధగా గమనించాడు. షీటు తీసి గడులన్నీ నింపాడు. అన్నిటిలోనూ ఫుల్ మార్కులు.

"చాలా చక్కటి పేపరు," అన్నాడు మనస్ఫూర్తిగా.

ఆ పిల్ల చున్నీ నోట్లోంచి తీసింది. ఏడవాలో నవ్వాలో దానికి తెలియలేదు. నాకూ తెలియలేదు. సంతోషంగానే ఉంది, దానితోపాటే ఎవరినైనా ఒకటి పీకాలనీ ఉంది.

తలుపు దగ్గరి నుంచి వాళ్ళ నాన్న, "నడిచిందా?" అని అడిగాడు.

"లేదు నాయనా. పాస్," అంది.

ఆయన లోపలికి వచ్చేశాడు. ఏసీని చూశాడు. నన్ను చూశాడు. అధికారికి చేతులు జోడించాడు. "సార్, నా బిడ్డ మొకం చూసి మీరు అబద్ధం చెప్పొద్దు సార్. పోయిన పాలి ఫెయిలన్నారు, అప్పుడన్నా మిషన్ నడిచింది. ఇప్పుడు అదీ లేదు. పరవాలేదు సార్. నేను బిడ్డను పిల్చుకపోతాను." అధికారి మార్కుల షీటు తీసి చూపించాడు. ఇంగ్లీషు షీటు అది, ఆయనకు అందులో ఏం కనబడుతుంది? మగ్గం ఆడితే ఆడినట్టు, ఆగితే ఆగినట్టు. దాని గురించి ఎవరు ఏం రాసినా ఆయనకు లెక్కలేదు. "రామ్మా, పోదాం," అని కూతురి సంచి భుజాన వేసుకున్నాడు.

నేను ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లోనూ పాసైందని చెప్పాను. ఒక్కటీ ఎక్కలేదు. ఆయన నన్ను చూసి జాలిగా తల ఊపాడు. ఇంతా చేసి, ఫుల్ మార్కులతో ఈ పిల్ల మళ్ళీ పోగులు అతకడానికే పోతుందా అని నాకు దడ పుట్టింది.

అప్పుడు ఆ పిల్ల పసుపు గీత దాటింది. "సార్, పరిచ్చ అయిపోయిందా?" అని అడిగింది. అయిపోయిందమ్మా అన్నాడు అధికారి. "ఇప్పుడు మాట్లాడొచ్చా?" మాట్లాడొచ్చు అన్నాడు. ఆ పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"నాయనా, సంచి కింద పెట్టు. ముందరికి రా."

ఆయన వచ్చాడు. ముందు నాబ్‌లు రెండూ వెనక్కి తిప్పించింది.

"ఆ ఎర్రది పట్టుకో. కుడి పక్కకి తిప్పు. ఇంకా గట్టిగా. ఆ. వదులు." బటన్ ఎగిరి వచ్చింది. నాబ్‌లు రెండూ వెనక్కి తిప్పించింది. "ఇప్పుడు ఈ మొదటిది తిప్పు." గాలి వచ్చింది. ఆయన చెయ్యి రెండో నాబ్ మీదికి పోతుంటే, "ఆగమన్నానా లేదా!" అని వర్క్‌షాపు రేకులు అదిరేలా అరిచింది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని, బడిపిల్లవాడిలా నిలబడ్డాడు. అధికారి కూడా తెలియకుండానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ అలా అరిచింది ఆయనై ఉంటాడు, చేతులు వెనక్కి లాక్కున్నది ఈ పిల్లై ఉంటుంది. టీ తాగినంత సేపు అందరం ఆగాం.

"ఇప్పుడు తిప్పు నాయనా. ఇంకా. ఇంకా. పోతుం."

కంప్రెసర్ అందుకుంది. ఆయన తల ఒక పక్కకు వంచి దాన్ని విన్నాడు, మోటారు మంచిచెడ్డలు తెలిసినవాళ్ళు వినేటట్టు. గాలి దారిలో అరచెయ్యి పెట్టాడు. చల్లబడేదాకా తీయలేదు. భుజం మీది పోగులు ఆ గాలికి లేచి ఎక్కడో పడ్డాయి. మార్కుల షీటు వైపు చూడను కూడా చూడలేదు.

"ఎప్పుడు చేరాలంట?" అని అడిగాడు.

"సోమవారం," అంది ఆ పిల్ల. ఎంత చిన్నగా అందంటే, ఆ గొంతు దానిదేనా అని నేను తిరిగి చూశాను. ఆయనకు మాత్రం వినబడింది.